నిలిపిన కారుని గుద్ది వెళ్లిపోయారా? బెంగళూరులో ఏం చేయాలంటే

పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరి కారు దగ్గరికి వెళ్తారు. ఎడమవైపు వెనక డోరు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, పెయింటు లేచిపోయి ఉంటుంది, చుట్టూ చూస్తే ఎవడూ ఉండడు. వైపర్ కింద ఒక చీటీ ముక్క కూడా ఉండదు. సొంత పార్కింగ్ లేక రోడ్డు పక్కన కారు పెట్టుకునే మనవాళ్లకి మున్నేకొళాల సందుల్లో, బీటీఎంలో, కగ్గదాసపురలో ఇది ఎప్పుడో ఒకసారి తప్పదు. చాలామంది రెండు రోజులు తిట్టుకుని, మూడో రోజు డెంటింగ్ షాపులో ఇచ్చేసి మర్చిపోతారు. మొదటిసారి నేనూ అదే చేశాను. రెండోసారి మాత్రం వదల్లేదు, గుద్దినవాడిని పట్టుకున్నాను, డబ్బులు కూడా వచ్చాయి. పూర్తిగా రాలేదనుకోండి, ఆ సంగతి తర్వాత చెప్తాను.

దీంట్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. స్టేషన్‌లో మీ పని అవుతుందా లేదా అనేది మీరు స్టేషన్ మెట్లెక్కేముందే సగం తేలిపోతుంది. బండి నంబరు చేతిలో పెట్టుకుని వెళ్తే ఒక రకంగా మాట్లాడతారు, "ఎవరో గుద్దారు సార్" అని వెళ్తే ఇంకో రకంగా మాట్లాడతారు. ఆ నంబరు దొరికేది మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఆ తర్వాత కెమెరాల్లో రికార్డింగు చెరిగిపోతుంది, చూసినవాళ్లు మర్చిపోతారు. అందుకే ఇందులో ఎక్కువ భాగం పోలీసుల గురించి కాకుండా ఆ మొదటి రోజు గురించే ఉంటుంది.

ముందు కారుని కదపకండి

ఆఫీసుకి గంట లేటవుతుందని మెసేజ్ పెట్టేయండి. సొట్టని చేత్తో రుద్దొద్దు, తుడవొద్దు, కారు తీసి పక్కన పెట్టొద్దు. ఫోన్ తీసి దూరం నుంచి మొదలుపెట్టండి. కారు, పక్కనున్న షాపు బోర్డు, కరెంటు స్తంభం అన్నీ ఒకే ఫొటోలో పడేలా నాలుగు వైపుల నుంచీ తీయండి. మీరు కారు సరిగ్గానే నిలిపారని, రోడ్డుకి అడ్డంగా పెట్టలేదని రేపు ఎవరైనా అంటే ఆ ఫొటోలే జవాబు. తర్వాత దగ్గరికి వచ్చి సొట్ట, గీతలు, అవతలి బండి పెయింటు అంటుకున్న చోటు తీయండి. ఆ అంటుకున్న పెయింటు చాలా ముఖ్యం, గుద్దినవాడి బండి రంగు మీకు ఉచితంగా దొరికినట్టే కదా.

ఇంకో పని ఎవరూ చేయరు, మీరు చేయండి. నేల నుంచి సొట్ట ఎంత ఎత్తులో మొదలైందో టేపు పెట్టి కొలిచి, టేపు మీద అంకెలు కనబడేలా ఫొటో తీయండి. మా డోరు మీద దెబ్బ 80 సెంటీమీటర్ల పైన మొదలైంది. మామూలు కారు బంపరు అంత ఎత్తున తగలదు, అంటే ఏదో పెద్ద బండి అన్నమాట. పైగా డోరు మీద జానెడు పొడుగున పచ్చ రంగు గీత ఉంది. ఈ రెండూ చూశాకే నాకు లారీనో ట్యాంకరో అని అనుమానమొచ్చింది, అప్పటిదాకా ఎదురింటి కారాయన్ని మనసులో తిట్టుకుంటూ ఉన్నాను, పాపం.

కింద పడిన ముక్కలు కూడా ఏరండి. ఇండికేటరు గాజు, అద్దం పెంకు, ప్లాస్టిక్ క్లిప్పు, ఏదైనా సరే ముందు పడిన చోటే ఫొటో తీసి, తర్వాత ఒక కవర్లో వేసుకోండి. లైటు ముక్కల మీద కంపెనీ పేరో పార్టు నంబరో అచ్చు వేసి ఉంటే అది ఏ మోడల్ బండిదో మెకానిక్ చూసి చెప్పేస్తాడు. చివరికి ఒక కాగితం మీద రెండు సమయాలు రాసుకోండి: కారు బాగున్నట్టు ఆఖరిసారి ఎప్పుడు చూశారు, సొట్ట ఎప్పుడు చూశారు. నాకైతే రాత్రి 10:40, పొద్దున 7:50. కెమెరా ఫుటేజీ అడిగినప్పుడు అందరూ మొదట అడిగేది ఇదే.

గుద్దినవాడు అక్కడే ఉండి గొడవ చేస్తున్నా, తాగి ఉన్నాడనిపించినా, ఎవరికైనా దెబ్బ తగిలినా ఇవన్నీ పక్కన పెట్టి 112కి ఫోన్ చేయండి. ఖాళీ కారు, ఖాళీ రోడ్డు అయితే అంత అర్జెంటు లేదు.

నంబరు వేట

కెమెరాల కంటే ముందు మనుషుల్ని అడగండి. తెల్లవారుజామున రోడ్డు మీద ఎవరుంటారు? పాలు వేసే అబ్బాయి, రోడ్లు ఊడ్చే పౌరకార్మికులు, టిఫిన్ బండివాళ్లు, వాచ్‌మన్, ఇస్త్రీ బండివాళ్లు. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే అక్క ఉంది, మదనపల్లె వైపు ఆమె. నేను ఫొటో చూపించగానే, "రాత్రి కాదు సామీ, తెల్లారుజామునే. నీళ్ల ట్యాంకరు ఎనక్కి తీస్తా ఉన్నింది, దడ్‌మని శబ్దమొచ్చింది. నేనప్పుడు బొగ్గులు రాజేస్తా ఉంటి" అంది. టైమెంత అక్కా అంటే, "ఆరు గొట్టలేదు" అంది. ఒక్క మాటతో తొమ్మిది గంటల ఫుటేజీ వెతకాల్సింది అరగంటకి తగ్గిపోయింది.

ఇప్పుడు కెమెరాలు. మీ కారు మీదే చూపు ఉన్న కెమెరా దొరక్కపోయినా ఫర్వాలేదు, సందులోకి వచ్చే దారి, బయటికెళ్లే దారి చూసే కెమెరాలు చాలు. కిరాణా షాపు, మెడికల్ షాపు, పీజీ గేటు, ఎదురు అపార్ట్‌మెంటు, ఏటీఎం, చుట్టుపక్కల నిలిపి ఉన్న కార్లలో డ్యాష్‌క్యామ్‌లు, అన్నీ చూసి లిస్టు రాసుకోండి. చిన్న షాపుల్లో హార్డ్ డిస్క్ చిన్నది, వారం పది రోజుల్లో పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. పెద్ద మాల్స్, ఆసుపత్రుల లాంటి జనం ఎక్కువగా వచ్చే చోట్లకి 2017లో కర్ణాటక తెచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం 30 రోజులు ఉంచాలనే నియమం ఉంది. కిరాణా షాపుకి ఆ లెక్క లేదు కాబట్టి ముందు అక్కడికే పరుగెత్తండి.

షాపాయన "చూసుకోండి" అన్నాక చాలామంది చేసే తప్పు, మానిటర్ మీద నడుస్తున్నదాన్ని ఫోన్‌తో వీడియో తీసుకుని వచ్చేయడం. అది మీకు గుర్తుండటానికి పనికొస్తుంది, కేసుకి కాదు. పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి డీవీఆర్ (కెమెరాల రికార్డింగు పెట్టె) నుంచే నేరుగా ఎక్స్‌పోర్ట్ చేయించుకోండి, గుద్దడానికి పది నిమిషాల ముందు నుంచి పది నిమిషాల తర్వాత దాకా, కట్ చేయకుండా. ఆ స్క్రీన్ మీద గడియారాన్ని మీ ఫోన్ టైముతో పోల్చి తేడా రాసుకోండి. మా కిరాణా షాపు డీవీఆర్ 11 నిమిషాలు వెనకుంది, అది పట్టించుకోకపోతే ట్యాంకరు మా కారు దగ్గరికి రాకముందే గుద్దినట్టు లెక్క వచ్చేది. కోర్టుదాకా వెళ్తే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, పాత 65బీ బదులు వచ్చింది ఇదే. రికార్డింగు ఏ మెషీన్లోది, ఎవరి ఆధీనంలో ఉందనేది అందులో రాసి సంతకం పెట్టాలి. అంతదూరం వెళ్లకపోవచ్చు, అయినా షాపాయన పేరూ ఫోన్ నంబరూ తీసుకుని ఉంచుకోండి.

అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్లు సాధారణంగా ఇవ్వం అంటారు, పోలీసులొస్తేనే ఇస్తాం అంటారు. గొడవ పడొద్దు. "ఫలానా తేదీ, ఫలానా టైము ఫుటేజీ చెరగకుండా దాచి ఉంచండి, పోలీసు ఫిర్యాదు ఇస్తున్నాను" అని ఒక మెయిలు పంపండి, వాచ్‌మన్‌కి కాగితం కూడా ఇవ్వండి. తర్వాత ఎలక్ట్రానిక్ రికార్డులతో సహా దేన్నైనా తెప్పించుకునే అధికారం పోలీసులకి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద ఉంది. అప్పటికి ఫుటేజీ మిగిలి ఉండాలి, మీ మెయిలు పని అంతే.

కెమెరాలో నంబరు ప్లేటు చదవలేకపోతే నిరాశపడకండి. నాకూ అదే అయింది, హెడ్‌లైటు వెలుగుకి ప్లేటు తెల్లగా మెరిసిపోయింది. కానీ పచ్చ ట్యాంకు, వెనక పెద్ద అక్షరాలతో రాసిన దేవుడి పేరు స్పష్టంగా కనబడ్డాయి. బెంగళూరు ట్యాంకర్లకి ఒక సుగుణముంది: వ్యాపారం కోసం పేరూ ఫోన్ నంబరూ వాళ్లే ట్యాంకు మీద రాసుకుని తిరుగుతారు. ఇంకా మంచిది, ట్యాంకరు నీళ్లు దించుకునే ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక లోడ్ పుస్తకం ఉంటుంది. రూళ్ల నోటుబుక్కు, తడిసి ఉబ్బిన పేజీలు, నీలం పెన్నుతో తేదీ, టైము, ఎన్ని లీటర్లు, బండి నంబరు, పక్కన వాచ్‌మన్ సంతకం. ఆ సందులో ఆ పొద్దున ట్యాంకరు దించుకున్న అపార్ట్‌మెంటు ఒక్కటే. ఫుటేజీ ఇవ్వనన్న వాచ్‌మన్ పుస్తకం మాత్రం తీసి చూపించాడు. నంబరులో చివరి నాలుగంకెలే రాసి ఉన్నాయి, అది చాలు. మీది ట్యాంకరు కాకపోతే ఇదే పద్ధతి వేరే చోట వాడండి: డెలివరీ వ్యాను అయితే గేటు యాప్‌లో ఎంట్రీ ఉంటుంది, స్కూలు బస్సు అయితే రోజూ అదే టైముకి అదే సందుకి వస్తుంది, చెత్త ఆటో అయినా అంతే.

పూర్తి నంబరు దొరికితే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఓనరు పేరు సగం చుక్కలతో దాచి ఉంటుంది కానీ బండి రకం, ఏ ఆర్టీవో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కనబడుతుంది. మీ ఫుటేజీలో ఉన్నది ట్యాంకరైతే యాప్‌లో స్కూటరు అని వస్తే నంబరు తప్పు చదివారన్నమాట. కేఏ 53 కేఆర్ పురం, కేఏ 03 ఇందిరానగర్, కేఏ 51 ఎలక్ట్రానిక్ సిటీ, ఇలా మొదటి అంకెలు అస్పష్టంగా ఉన్నప్పుడు చుట్టుపక్కల ఆర్టీవోలతో ప్రయత్నించొచ్చు. ఓనరు ఫోన్ నంబరు తెప్పిస్తాం, రెండువేలివ్వండి అనే ఏజెంట్ల జోలికి పోకండి. ఆ నంబరు ప్లేటు ఫొటో పెట్టి "వీడే దొంగ" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు కూడా, మీరు పొరబడితే కేసు మీమీదకే తిరుగుతుంది.

ఏ స్టేషన్‌కి వెళ్లాలి

బెంగళూరులో ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లు వేరు, లా అండ్ ఆర్డర్ స్టేషన్లు వేరు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే తిరుగుతారు. బండి నడుపుతూ గుద్దేసి వెళ్తే ట్రాఫిక్ స్టేషన్. పార్కింగ్ గొడవతో ఎవడో కావాలని తాళంచెవితో గీకాడు, రాయి పెట్టి అద్దం పగలగొట్టాడు అంటే లా అండ్ ఆర్డర్ స్టేషన్. మీ ఏరియా ఏ ట్రాఫిక్ స్టేషన్ కిందికొస్తుందో జంక్షన్‌లో నిలబడ్డ కానిస్టేబుల్‌ని అడిగితే చెప్తారు. "ఇది మా లిమిట్స్ కాదు" అంటే, పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరమైతే ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలని సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని మర్యాదగా గుర్తుచేయొచ్చు. నిజం చెప్పాలంటే పక్క స్టేషన్‌కి వెళ్లడమే తొందరగా తెములుతుంది.

భాష గురించి టెన్షన్ వద్దు, తెలుగు అర్థమయ్యేవాళ్లు స్టేషన్లలో తరచుగా కనబడతారు. అయినా మొదటి మాట కన్నడలో అంటే ఎదుటివాళ్ల ముఖం మారుతుంది: "సార్, నిల్లిసిద్ద కారిగె గుద్ది హోగిద్దారె, దూరు కొడబేకు." దూరు అంటే ఫిర్యాదు. గుద్దు మాత్రం రెండు భాషల్లోనూ గుద్దే.

చట్టం ఏమంటుంది

పెద్దగా చదవక్కర్లేదు, రెండు మూడు సెక్షన్లు గుర్తుంచుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ మనిషికి దెబ్బ తగిలినప్పుడే కాదు, వేరేవాళ్ల ఆస్తికి నష్టం జరిగినా వర్తిస్తుంది. అక్కడ పోలీసు లేకపోతే డ్రైవరు వీలైనంత త్వరగా, ఎలాగైనా 24 గంటల్లోపు దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి. చెప్పకపోతే 187వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకి ముందు జరిమానా 500 రూపాయలే ఉండేది. 133వ సెక్షన్ ప్రకారం ఆ టైములో బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగితే ఓనరు చెప్పి తీరాలి, "నాకు తెలీదు, డ్రైవరు మానేశాడు" అంటే కుదరదు.

భారతీయ న్యాయ సంహిత 281 అంటే పబ్లిక్ రోడ్డు మీద ప్రమాదకరంగా నడపడం, పాత ఐపీసీ 279. ఇక్కడొక చిక్కుంది, మనిషి ప్రాణానికి ప్రమాదం కలిగేలా, లేదా దెబ్బ తగిలేలా నడిపి ఉండాలి. ఖాళీగా ఉన్న కారుకి సొట్ట పడితే ప్రాణాపాయం ఎక్కడుంది అని స్టేషన్‌లో అంటారు, ఆ మాటలో కొంత న్యాయముంది. అందుకే ఇలాంటివి చాలాసార్లు ఎఫ్ఐఆర్ దాకా వెళ్లకుండా ఎన్‌సీఆర్ (పోలీసులు నేరుగా కేసు కట్టలేని చిన్న నేరాల నమోదు) దగ్గరే ఆగుతాయి. అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో జరిగితే అది పబ్లిక్ రోడ్డేనా అనే వాదన కూడా కలుస్తుంది. ఆస్తి ధ్వంసం సెక్షన్ 324 పెట్టమని కొందరు సలహా ఇస్తారు, కానీ దానికి కావాలని చేశాడనో, నష్టం జరుగుతుందని తెలిసే చేశాడనో ఉండాలి. రివర్స్ తీస్తూ చూసుకోనివాడికి అది అతకదు.

ఇంకోటి, హిట్ అండ్ రన్‌కి ప్రభుత్వం డబ్బులిస్తుందట కదా అని అడిగేవాళ్లున్నారు. అది మనుషులకి. చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. కారు డోరుకి కాదు.

ఫిర్యాదు కాగితం

ఒక పేజీ దాటొద్దు. ఆవేశం, విశేషణాలు వద్దు. ఇంగ్లీషులోనో కన్నడలోనో రాయండి, సారాంశం ఇలా ఉండాలి:

"నా కారు ఫలానా నంబరు, ఫలానా తేదీ రాత్రి 10:40కి ఫలానా రోడ్డులో ఫలానా ఇంటి ముందు ఎడమపక్కన నిలిపాను. మర్నాడు పొద్దున 7:50కి చూస్తే ఎడమవైపు వెనక డోరు దెబ్బతిని ఉంది. పక్క షాపు కెమెరాలో 5:52కి ఒక పచ్చ రంగు నీళ్ల ట్యాంకరు రివర్స్‌లో వచ్చి నా కారుని తాకి, ఆగకుండా వెళ్లినట్టు ఉంది. ఎదురు అపార్ట్‌మెంటు లోడ్ పుస్తకంలో దాని నంబరు ఇలా ఉంది. డ్రైవరు నాకు గానీ స్టేషన్‌కి గానీ తెలియజేయలేదు. రిపేరు అంచనా ఇంత. మోటారు వాహనాల చట్టం 134, 187 సెక్షన్ల కింద చర్య తీసుకోవాలని, ఫుటేజీ భద్రపరచాలని కోరుతున్నాను."

నంబరు దొరక్కపోతే "గుర్తు తెలియని వాహనం" అని రాయండి, ఊహించి ఎవరి నంబరూ రాయొద్దు. రెండు కాపీలు తీసుకెళ్లండి. వాటితో పాటు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, మీ లైసెన్స్ జిరాక్సులు, నాలుగు ఫొటోల ప్రింట్లు, పెన్‌డ్రైవ్. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఇంట్లో ఇంకో కాపీ పెట్టుకునే వెళ్లండి.

స్టేషన్‌లో

పదకొండు తర్వాత వెళ్తే మంచిది, పొద్దున ట్రాఫిక్ రద్దీకి సగం మంది రోడ్డు మీదే ఉంటారు. మొదట వినే మాట "ఇన్సూరెన్స్ ఉందిగా సార్, క్లెయిమ్ చేసుకోండి". నవ్వి, "చేసుకుంటాను సార్, ఇది కూడా తీసుకోండి" అనండి. కాగితం ఇచ్చి ఊరికే వచ్చేయకండి. రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ, సంతకం కావాలి. ఎన్‌సీఆర్ ఇస్తే దాని నంబరు, ఎండార్స్‌మెంట్ ఇస్తే ఆ కాగితం తీసుకోండి, ఇక్కడ దాన్ని హింబరహ అంటారు. ఎఫ్ఐఆర్ చేస్తే కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ అయితే మీ కారుని కూడా ఇన్‌స్పెక్షన్ కోసం తెమ్మనొచ్చు, కాబట్టి అప్పటిదాకా రిపేరు చేయించొద్దు.

అసలు తీసుకోనే తీసుకోం అంటే అరవక్కర్లేదు. ఇంటికొచ్చి అదే ఫిర్యాదుని స్పీడ్ పోస్టులో, మెయిల్లో ఆ డివిజన్ ట్రాఫిక్ డీసీపీకి పంపండి. పోలీసులు నేరుగా కేసు కట్టగలిగే నేరమైతే సురక్షా సంహిత 173(4) కింద పై అధికారికి రాసే హక్కుంది. నాకు అంతదాకా రాలేదు, రెండోసారి వెళ్లినప్పుడు ఒక ఏఎస్సైగారు ఫొటోలో టేపు చూసి "ఇదేంటి, మీరే మహజరు (పంచనామా) రాసేశారా" అని నవ్వి, ట్యాంకు మీదున్న నంబరుకి తన ఫోన్ నుంచే కొట్టారు.

ఇన్సూరెన్స్ లెక్క

పోలీసుల సంగతి ఎలా ఉన్నా, ఇన్సూరెన్స్ కంపెనీకి అదే రోజు సమాచారమివ్వండి. చెప్పడం వేరు, క్లెయిమ్ తీసుకోవడం వేరు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి. "గేటుకి నేనే తగిలించానని చెప్పండి, తొందరగా అవుతుంది" అని షాపువాళ్లు సలహా ఇస్తారు, వినొద్దు, రేపు ఫుటేజీ బయటికొస్తే అబద్ధం మీదే అవుతుంది. ఇలాంటి చిన్న సొంత డ్యామేజీకి మామూలుగా ఎఫ్ఐఆర్ అడగరు, మీ ఫిర్యాదు కాపీ ఉంటే ఇంకా గట్టిగా ఉంటుంది. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే మీ కంపెనీ నుంచి రూపాయి రాదు, అప్పుడు నంబరు వేటే దిక్కు.

క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది కాగితం మీద లెక్కేయండి. క్లెయిమ్ చేయని ఏడాదులకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) మెట్లు 20, 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా. బోనస్ లేకుండా మీ ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియం 12,000 అనుకుందాం, మీరు 50 శాతం మెట్టు మీదున్నారు. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు 6,000 పోతాయి, ఆ పై ఏడు 20కీ 50కీ తేడా 3,600, తర్వాత 3,000, తర్వాత 1,800, తర్వాత 600. మొత్తం 15,000. ఏటా కారు విలువ తగ్గుతుంది కాబట్టి నిజానికి కొంచెం తక్కువే ఉంటుంది, అయినా 8,000 డోరు పని కోసం ఇంత పోగొట్టుకోవడం దండగ. దీనికి తోడు తప్పనిసరిగా మీరు భరించాల్సింది 1500 సీసీ లోపు కారుకి 1,000, ఆ పైన 2,000. జీరో డెప్ (పాతబడినందుకు కోత పెట్టని అదనపు కవరు) లేకపోతే బంపరు లాంటి ప్లాస్టిక్ భాగాలకి సగమే ఇస్తారు, గాజుకి మాత్రం కోత ఉండదు. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడాన్ (క్లెయిమ్ చేసినా బోనస్ పోకుండా కాపాడే అదనపు కవరు) తీసుకుని ఉంటే ఈ లెక్కంతా మారిపోతుంది, పాలసీ కాగితం ఒకసారి తిరగేయండి. కంపెనీ అన్యాయంగా తిరస్కరించిందనిపిస్తే ఫిర్యాదుకి బీమా భరోసా పోర్టల్ ఉంది, ఆ తర్వాత ఇన్సూరెన్స్ గొడవలు తేల్చే అంబుడ్స్‌మన్, దానికి ఫీజు లేదు.

గుద్దినవాడి ఇన్సూరెన్స్ మీద వెళ్లే దారీ ఉంది. థర్డ్ పార్టీ ఆస్తి నష్టానికి కార్లకీ కమర్షియల్ బండ్లకీ 7.5 లక్షల దాకా, టూవీలర్‌కి లక్ష దాకా కవరుంటుంది, ఓనరు తక్కువ ప్రీమియం కోసం దాన్ని 6,000కి కుదించుకోకపోతే. కానీ అది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేయాలి, బెంగళూరులో స్మాల్ కాజెస్ కోర్టు ఆ పని చూస్తుంది. కారు సగం పోయి లక్షల్లో నష్టమైతే లాయరుని కలవండి, అదీ ఆర్నెల్లు దాటకుండా. డోరు సొట్ట కోసమైతే వాయిదాలకి తిరిగే పెట్రోలుకే సరిపోతుంది.

ఓనరు దొరికితే

మా ట్యాంకరు ఓనరు బాగేపల్లి వైపు మనిషి, ఇంట్లో తెలుగే. "మా డ్రైవరు చెప్పనే లేదన్నా" అన్నాడు. నమ్మానా లేదా అన్నది పక్కన పెడితే, వీడియో చూపించాక వాదించలేదు. కంపెనీ సర్వీస్ సెంటర్ అంచనా 17,800, బయట షాపు అంచనా 11,500, రెండూ తీసుకెళ్లాను. బేరమాడి బేరమాడి 9,000 దగ్గర తెగింది. నేను ఒప్పుకున్నాను, మీరు ఒప్పుకోకపోవచ్చు.

డబ్బులు నగదుగా కాకుండా యూపీఐలో తీసుకోండి. ఒక కాగితం మీద తేదీ, రెండు బండ్ల నంబర్లు, ఎంత మొత్తం, "ఎడమ వెనక డోరు నష్టానికి మాత్రమే" అనే మాట, ఇద్దరి సంతకాలు. డబ్బు పడ్డాకే ఫిర్యాదు ముగించమని స్టేషన్‌లో రాసివ్వండి, పడకముందు కాదు. వాడి దగ్గర మొత్తం తీసుకుని మళ్లీ అదే డోరుకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయొద్దు, అది మోసమవుతుంది. బెదిరించి ఎక్కువ లాగడం కూడా వద్దు, అప్పుడు ఫిర్యాదు వాడి చేతికి వెళ్తుంది.

మీరే గుద్దితే

జరుగుతుంది. ఆ కారాయన కోసం కాసేపు చూడండి, వాచ్‌మన్‌ని అడగండి, దొరక్కపోతే పేరూ ఫోన్ నంబరూ రాసి వైపర్ కింద పెట్టండి, ఫొటో తీసుకోండి, 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పండి, మీ ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి పంపండి. నేనూ ఒకసారి మారతహళ్లిలో ఆంధ్రా మెస్ ముందు రివర్స్ తీస్తూ ఒక పాత కారు బంపరుకి తగిలించి చీటీ పెట్టాను. సాయంత్రం ఫోనొచ్చింది. గుండె దడదడలాడుతూ ఎత్తితే, అవతలాయన "ఏ సొట్ట అండీ మీది, ఎడమదా కుడిదా? కుడిదైతే అది పోయిన నెలదే" అన్నాడు.